పోకర్ టోర్నమెంట్‌కి వెళ్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: దగ్గర్లోని కార్డ్ రూమ్‌లో శనివారం పెట్టే చిన్న టోర్నమెంట్‌కి వెళ్దామనుకుంటున్నాను. కాగితం మీద "65+15 డాలర్లు, 15,000 చిప్స్, 20 నిమిషాల లెవెల్స్, ఆరో లెవెల్ చివరిదాకా రీ-ఎంట్రీ" అని ఉంది. టెక్సస్ హోల్డెమ్ (చేతిలో రెండు, బల్ల మీద అయిదు ముక్కలతో ఆడే పోకర్) ఆడటం వచ్చు గానీ ఈ లెక్కలు తెలియవు. కాస్త ఆలస్యంగా వెళ్తే నష్టమా?
– ఒక పాఠకుడు, సన్నీవేల్, కాలిఫోర్నియా

జవాబు: 65 డాలర్లు బహుమతుల్లోకి, 15 డాలర్లు నిర్వాహకులకి. మీరు కట్టే 80లో దాదాపు 19 శాతం ముక్క పడకముందే పోయిందన్నమాట. చిన్న టోర్నమెంట్లలో ఈ వాటా ఎప్పుడూ ఎక్కువే. 40 ఎంట్రీలు వస్తే బహుమతుల మొత్తం 2,600 డాలర్లు. మామూలుగా ఎనిమిది, పది ఎంట్రీలకు ఒకరి చొప్పున డబ్బిస్తారు కాబట్టి నలుగురైదుగురికి వస్తుంది. అందులో ఆఖరి స్థానానికి ఏ 200 డాలర్లో దక్కుతాయి. చిప్స్ పోగొట్టుకుని మళ్లీ డబ్బు కట్టి చేరడమే రీ-ఎంట్రీ. అలా రెండుసార్లు కట్టినవాళ్లకి అందులో 160 అప్పటికే ఖర్చు.

15,000 చిప్స్ డబ్బు కాదు, బయట మార్చుకోలేరు. ముక్కలు చూడకముందే వంతులవారీగా ఇద్దరు కట్టాల్సిన పందాలే చిన్న, పెద్ద బ్లైండ్లు; లెవెల్ మారినప్పుడల్లా అవి పెరుగుతాయి. మీ చిప్స్‌ని పెద్ద బ్లైండ్‌తో భాగించి చూడటం అలవాటు చేసుకోండి. బ్లైండ్స్ 100/200తో మొదలైతే మీ దగ్గర 75 పెద్ద బ్లైండ్లు ఉన్నట్టు. తర్వాత 200/300, 200/400, 300/600, 400/800 దాటి ఆరో లెవెల్‌కి 500/1,000 అయితే అవే చిప్స్ 15 పెద్ద బ్లైండ్లకి సమానం. అప్పుడు వచ్చి కూర్చున్నా కట్టేది అదే 80. ఆలస్యంగా వెళ్లడంలో నష్టం ఇదే. ఆరో లెవెల్లో రెండోసారి డబ్బు కట్టడం ఇంకా దండగ.

20 నిమిషాల లెవెల్ అంటే వినడానికి ఎక్కువే అనిపిస్తుంది. డీలర్ గంటకు పాతిక నుంచి ముప్ఫై సార్లు పంచుతాడు. అంటే లెవెల్‌కి ఎనిమిది నుంచి పదిసార్లు, తొమ్మిదిమంది ఉన్న బల్లకి ఒక్క చుట్టు. ఇప్పుడు చాలాచోట్ల పెద్ద బ్లైండ్ కట్టేవారే బల్లందరి తరఫునా యాంటీ (అందరూ వేయాల్సిన అదనపు పందెం) కూడా కడుతున్నారు. 500/1,000 దగ్గర అలా ఒక చుట్టుకు మీకయ్యే ఖర్చు 500+1,000+1,000 = 2,500. ఏమీ ఆడకుండా కూర్చున్నా 15,000 చిప్స్ ఆరు చుట్లకి ఖాళీ. మధ్యలో బ్లైండ్స్ పెరుగుతాయి కాబట్టి అన్ని కూడా రావు.

మనవాళ్లు చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రమ్మీలో ముక్కలు బాగాలేకపోతే మొదటే డ్రాప్ అంటే 20 పాయింట్లతో పోతుంది, ఆ ధర మారదు. ఇక్కడ ఎదురుచూసే ధర ప్రతి లెవెల్‌కీ పెరుగుతుంది. ఆసుల జత 221 సార్లకు ఒకసారి వస్తుంది. జాకీల జత నుంచి ఆసుల జత దాకా, ఆసు-రాజు కూడా కలుపుకున్నా, సగటున 33 సార్లకు ఒకసారి. అంటే గంట దాటినా ఒక్కటి రాకపోవచ్చు. మొదటి మూడు నాలుగు లెవెల్స్ ఓపిగ్గా ఆడండి. 20 పెద్ద బ్లైండ్లకు తగ్గాక ఊరికే కాల్ చేసి (ఎదుటి పందెం ఎంతో అంతే కట్టి) ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) చూసే అలవాటు మానండి. పదికి తగ్గితే రెండే దారులు: ముందుగా ఆల్ ఇన్ (ఉన్నదంతా పెట్టడం), లేదా ఫోల్డ్ (ముక్కలు వదిలేయడం). పది ఉన్నప్పుడు రెండున్నర పెట్టి రైజ్ చేసి (పందెం పెంచి), ఎదుటివాళ్లు తిప్పికొడితే వదిలేయడం పావు వంతు ఆస్తి ఊరికే ఇచ్చేయడమే. రెండు మూడు బ్లైండ్లు మిగిలేదాకా ఆగితే మీ ఆల్ ఇన్‌కి ఎవరూ భయపడరు, అందరూ కాల్ చేస్తారు.

ఫొటో ఉన్న గుర్తింపు కార్డు మర్చిపోకండి.

ప్రశ్న: ఇద్దరు మిత్రులం ఒకే బల్ల మీద పడ్డాం. ఆట మధ్యలో తెలుగులో మాట్లాడామని హెచ్చరించారు. ఇంకోసారి 200 పందానికి రైజ్ చేద్దామని 1,000 చిప్ పెడితే, అది కాల్ మాత్రమేనని 800 తిరిగిచ్చారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, శాన్ హోసే

జవాబు: రెండూ సరైనవే. ముక్కలు పంచాక ఆట ముగిసేదాకా బల్ల మీద ఇంగ్లిష్ మాత్రమే అనే నియమం అమెరికాలో చాలా కార్డ్ రూముల్లో ఉంది. మీరు మాట్లాడింది సాంబారు గురించే అయినా పక్కవాళ్లకి తెలియదు కదా. పందెం ముగిశాక మాట్లాడుకోండి.

నోరు విప్పకుండా ఒకే ఒక పెద్ద చిప్ పెడితే అది కాల్ కిందే లెక్క. రైజ్ చేయాలంటే చిప్ బల్లకు తగలకముందే "రైజ్" అనండి, వీలైతే ఎంతో కూడా చెప్పండి. మీ వంతులో నోటితో చెప్పింది ఖాయం, వెనక్కి తీసుకోలేరు. కొన్ని చిప్స్ పెట్టి, మళ్లీ చేయి వెనక్కి తీసి ఇంకొన్ని పెట్టినా మొదట పెట్టినవే చెల్లుతాయి. అవతలివాడి ముఖం చూసి పందెం పెంచకుండా పెట్టిన నియమం అది.

మీరు అడగనిది ఒకటి, ఇంతకన్నా ముఖ్యమైనది. మంచి ముక్కలుండి కూడా "మా వాడే కదా" అని మిత్రుడి మీద పందెం వేయకపోవడం, చివర్లో చిప్స్ వాడికి వదిలేయడం కుమ్మక్కు కిందకి వస్తాయి. పట్టుబడితే టోర్నమెంట్ నుంచి పంపేస్తారు, డబ్బు తిరిగివ్వరు. ఒకే బల్ల మీద పడితే ఇద్దరూ అపరిచితుల్లా ఆడాల్సిందే.

రమ్మీ చేతులకి ఇంకో ఇబ్బంది: ముక్కలు ఎత్తి గుండెలకి ఆనించుకోవడం. ఇక్కడ రెండు ముక్కలూ బల్ల మీదే ఉంచి అంచు మాత్రం లేపి చూసి, పైన ఒక చిప్ పెట్టండి. డీలర్ పక్క కుర్చీల్లో ఉన్నవాళ్ల ముక్కలు పొరపాటున పారేసిన ముక్కల్లో కలిసిపోవడం తరచూ జరిగేదే. చిప్ పెట్టుకోకపోతే అడిగినా లాభం లేదు. చివర్లో రెండు ముక్కలూ తిరగేసి చూపించండి. బోర్లించి విసిరేస్తే గెలిచే ముక్కలైనా చచ్చినట్టే.

ప్రశ్న: మూడు ముక్కలాటలో కలర్ (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) మీద సీక్వెన్స్ (వరుస ముక్కలు) గెలుస్తుంది కదా, పోకర్‌లో తలకిందులెందుకు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అరుదైనదానికే విలువ. మూడు ముక్కల్లో వచ్చే 22,100 కలయికల్లో సీక్వెన్సులు 720, కలర్లు 1,096. అయిదు ముక్కల్లో మొత్తం 25,98,960. వాటిలో కలర్లు 5,108, సీక్వెన్సులు 10,200. అందుకే క్రమం తిరగబడింది. మూడు ముక్కలాటలో అన్నిటికీ పైనుండే ట్రయల్ (ఒకే అంకె ముక్కలు మూడు) కూడా ఇక్కడ సీక్వెన్స్ కంటే కిందే, ఎందుకంటే అది 54,912 రకాలుగా వస్తుంది. ఆసు-2-3-4-5 అన్నిటికన్నా చిన్న సీక్వెన్స్. ఇస్పేటు పెద్దదా, ఆఠీను పెద్దదా అని చూడరు. సమానమైతే పాట్ (బల్ల మధ్య చేరిన చిప్స్) పంచుతారు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 16 మందితో చిన్న టోర్నమెంట్ పెట్టాలని ఉంది. ఎన్ని చిప్స్ కావాలి? కేసులేమైనా అవుతాయా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు రెండో సంగతి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు అన్నమాట నిజమే. అది ఆంధ్రప్రదేశ్ కేసే. కానీ అదే తీర్పు మూడు ముక్కలాటని పూర్తిగా అదృష్టం అంది. రమ్మీ గురించి అన్నదాన్ని పోకర్‌కి మీరే వర్తింపజేసుకోకండి. ఆన్‌లైన్ డబ్బాటని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి. ఇంట్లో ఆడినా ఎంట్రీ ఫీజు వద్దు, నగదు బహుమతి వద్దు, పక్క పందాలూ వద్దు. ఒక కప్పు పెట్టుకుంటే చాలు.

చిప్స్: ఒక్కొక్కరికి 5,000 ఇవ్వండి. 25వి ఎనిమిది, 100వి ఎనిమిది, 500వి నాలుగు, 1,000వి రెండు. మనిషికి 22 చొప్పున 352. మూడొందల చిప్స్ పెట్టె చాలదు, అయిదొందలది తీసుకోండి. పేక దస్తాలు బల్లకి రెండు: ఒకటి పంచుతుంటే ఇంకోటి కలుపుతుండాలి. లేకపోతే సగం సాయంత్రం కలపడంలోనే పోతుంది.

లెవెల్‌కి 20 నిమిషాలు: 25/50, 50/100, 75/150, 100/200. ఇక్కడ పది నిమిషాల విరామం, 25 విలువ ఉన్న చిప్స్ అన్నీ వెనక్కి తీసుకోవాలి. తర్వాత 200/400, 300/600, 400/800, 600/1,200, 1,000/2,000, 1,500/3,000. బల్లల మీద ఉండేవి మొత్తం 80,000. అవి 20, 30 పెద్ద బ్లైండ్లకి సమానమయ్యే సరికి ఆట సాధారణంగా తేలిపోతుంది కాబట్టి మూడున్నర గంటలు అనుకోండి.

విరామంలో నాలుగేసి 25లకి ఒక 100 ఇచ్చాక కొందరి దగ్గర ఒకటో రెండో మూడో మిగులుతాయి. మిగిలిన ప్రతి చిప్‌కీ ఒక ముక్క పంచండి. పెద్ద ముక్క వచ్చినవారికి 100, మనిషికి ఒకటికి మించకుండా. ఇక్కడ మాత్రం ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు వరుస పనికొస్తుంది. తన చిప్స్ మొత్తంలో ఒకే ఒక 25 మిగిలినవారిని ఇందులో బయటికి పంపకూడదు, వారికి 100 ఇచ్చేయాలి.

ఒక బల్ల మీద ఇద్దరు తక్కువైతే రెండో బల్ల నుంచి తర్వాత పెద్ద బ్లైండ్ కట్టాల్సినవారిని పంపండి. ఎనిమిదిమంది మిగిలాక ఒకే బల్ల, సీట్లకి మళ్లీ చీటీలు. చివరికి ఇద్దరే మిగిలితే బటన్ (పంచేవారి వంతు చూపే బిళ్ల) ఉన్నవారే చిన్న బ్లైండ్ కట్టి, ఫ్లాప్‌కి ముందు మొదట ఆడతారు, ఫ్లాప్ తర్వాత ఆఖరున ఆడతారు. ఇంటి ఆటల్లో ఎక్కువ గొడవ ఈ ఒక్కదాని దగ్గరే కాబట్టి ఆట మొదలుపెట్టేటప్పుడే అందరికీ చెప్పేయండి.