గోడలు లేచేటప్పుడే టైల్స్, కుళాయిలు ఎంచుకోవాలా?

స్లాబ్ పడింది, లోపలి గోడలు కడుతున్నారు, మేస్త్రి మాత్రం టైల్స్, కుళాయిలు, కమోడ్‌ల సంగతి "తర్వాత చూద్దాం లెండి" అంటున్నారని రాశారు. ప్లాస్టరింగ్ అయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చా అని మీ ప్రశ్న. మా ఇల్లు కట్టించుకున్న అనుభవంతో చెబుతున్నాను. గోడ లోపలికి పోయేవీ, నేల మట్టాన్ని మార్చేవీ ఇప్పుడే తేల్చేయండి. మిగతావాటికి తొందరేం లేదు. మేస్త్రి గారి మాటలో దురుద్దేశం ఉండదు. మీరు కుళాయి ఎంచుకోలేదని ఆయన పని ఆగదు కదా. ఆయన కట్టి వెళ్లిన గోడను ప్లంబర్ వచ్చి పగలగొట్టినప్పుడే తేడా తెలుస్తుంది.

ముందు బాత్రూమ్ చూడండి. షవర్‌కు గోడలో దాగే డైవర్టర్ (నీళ్లను షవర్‌కో, కుళాయికో మళ్లించే వాల్వు) అనుకుంటే, మోడల్ ఖాయం కాకుండా గోడకు గాడి కొట్టనివ్వకండి. చాలా మోడళ్లలో డైవర్టర్ బాడీ మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాని మీద కనిష్ఠం, గరిష్ఠం అని రెండు గీతలు. టైల్ అంటించాక దాని ముఖం ఆ రెండు గీతల మధ్యకు రావాలి. బాడీ మరీ లోపలికి పోతే హ్యాండిల్ అందదు, బయటికి వస్తే పై ప్లేటు గోడకు ఆనదు. మా ప్లంబర్ ఏం చేశారంటే, పైపు బిగించే ముందు ఆ గాడి పక్కనే ఇటుక మీద కాస్త మాలు వేసి, మేం ఎంచుకున్న టైల్ ముక్కనే తాత్కాలికంగా అంటించి, స్కేలు పెట్టి లోతు చూసుకున్నారు. టైల్ ముందే చేతిలో ఉంది కాబట్టే అది కుదిరింది.

కమోడ్ కొనేటప్పుడు ఆకారం, రంగు కన్నా ముందు మురుగు ఎటు పోతుందో అడగండి. ఎస్ ట్రాప్ అయితే నేలలోకి, పీ ట్రాప్ అయితే వెనక గోడలోకి. ఎస్ ట్రాప్‌లో గోడ నుంచి పైపు మధ్యకు 9 అంగుళాలవీ ఉంటాయి, 12 అంగుళాలవీ ఉంటాయి. ఆ దూరం టైల్ వేసిన గోడ నుంచి లెక్క, ఇటుక గోడ నుంచి కాదు. ప్లాస్టరింగ్, టైల్ కలిసి అంగుళం దాకా తినేస్తాయి. ఇక గోడకు బిగించే కమోడ్ అయితే ఫ్లష్ ట్యాంకు, ఇనుప ఫ్రేమ్ గోడలో దాగాలి. నాలుగంగుళాల గోడను తొలిచి వాటిని పెట్టడం సరికాదు, ముందు ఇంకో పొట్టి గోడ కట్టాలి. ఆ మేరకు గది చిన్నదవుతుంది, తలుపు తెరుచుకునే వైపు కూడా మార్చుకోవాల్సి రావచ్చు.

పెద్ద రెయిన్ షవర్ మీద మనసుంటే నీటి ఒత్తిడి లెక్క చూసుకోండి. ట్యాంకులో నీళ్లు షవర్ కన్నా 10 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. పై అంతస్తులో ఆ తేడా 3 మీటర్లే అయితే 0.3 బార్, అంతే. షవర్‌తో వచ్చే కాగితంలో కనీస ఒత్తిడి ఎంత కావాలో ఉంటుంది. చాలకపోతే ప్రెషర్ పంపు పెట్టాలి. దానికి చోటు, కరెంటు పాయింటు ఇప్పుడే వదలాలి.

అందరూ మర్చిపోయేది మెట్లు. మెట్లన్నీ 6 అంగుళాల ఎత్తుతో పోశారనుకోండి. తర్వాత గదుల్లో ఫ్లోరింగ్ కింద మాలుతో కలిపి 2 అంగుళాలు లేచింది, మెట్ల మీద గ్రానైట్ ఒకటిన్నర అంగుళమే లేచింది. అప్పుడు మొదటి మెట్టు ఐదున్నర అంగుళాలు, చివరిది ఆరున్నర. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది గానీ కాలు తడబడేది సరిగ్గా అక్కడే. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి. ఫ్లోరింగ్ టైల్సా, మార్బులా, ఎంత మందం అన్నది మెట్లకు సెంట్రింగ్ కొట్టక ముందే తేలాలి. మీకు మెట్లు ఇప్పటికే పోసేసి ఉంటే, ఉన్న ఎత్తులు కొలిచి దానికి తగ్గ మందాలు ఎంచుకోండి.

టైల్ సైజు కూడా గోడ కట్టేటప్పుడే తెలిస్తే మంచిది. 1250 మిల్లీమీటర్ల గోడకు 600 టైల్స్ ఒక మూల నుంచి పేర్చుకుంటూ వస్తే చివర 50 మిల్లీమీటర్ల సన్న ముక్క మిగులుతుంది. ఒక నిండు టైల్ మధ్యలో పెట్టి అటూ ఇటూ 325 చొప్పున కోస్తే చూడ్డానికి నిండుగా ఉంటుంది. కుళాయి ఎక్కడ రావాలో, గూడు ఎంత వెడల్పు ఉండాలో టైల్స్ మధ్య వచ్చే గీతల్ని బట్టి పెట్టుకోవచ్చు.

పెయింట్ రంగులు, ఫ్యాన్లు, అల్మారా హ్యాండిళ్లు, కర్టెన్లు తర్వాత చూసుకోవచ్చు. లైట్లు ఎక్కడ రావాలో ఇప్పుడు చెప్పండి, ఏ లైటో తర్వాత. వాటి గురించి ఇప్పుడు టెన్షన్ పడితే అసలు పనికి ఓపిక మిగలదు.

ఎంచుకోమన్నాను గానీ అన్నీ కొనేయమనడం లేదు. గోడలోకి పోయే డైవర్టర్, ఫ్లష్ ఫ్రేమ్ లాంటివే ముందు కొనండి. పైకి కనిపించేవి సిమెంటు దుమ్ములో పడి ఉంటే మెరుగు పోతుంది, పైగా వారంటీ చాలావాటికి బిల్లు తేదీ నుంచే మొదలవుతుంది. మోడల్ నంబరు, కొలతల కాగితం తెచ్చుకుంటే చాలు. టైల్స్ మాత్రం వేసే ముందు ఒకేసారి, ఒకే బ్యాచ్‌వి, దాదాపు 10 శాతం ఎక్కువగా తెప్పించండి. బ్యాచ్ మారితే షేడ్ మారొచ్చు.

అన్నీ తేలాక, పూర్తయిన నేల మట్టానికి సరిగ్గా 1 మీటరు పైన ఇల్లంతా గోడల మీద ఒక గీత కొట్టించండి. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వడ్రంగి అందరూ ఆ గీత నుంచే కొలవాలని ముందే చెప్పండి. ప్లాస్టరింగ్‌కి ముందు, పైపులూ వైర్లూ కనబడుతున్నప్పుడే, టేపు ఆనించి పెట్టి ప్రతి గోడకూ ఫోటో తీసుకోండి. తర్వాత గోడకు డ్రిల్ పెట్టాల్సి వచ్చినప్పుడు మీకు ఆ ఫోటోలే ఆధారం.