లింకు లైటు వెలుగుతున్నా ప్యాకెట్లు కనిపించనప్పుడు: ఆసిలోస్కోప్‌తో ఈథర్నెట్ ఫ్రేమును చదవడం

మైక్రోకంట్రోలరుకు ఈఎన్‌సీ28జే60 అనే ఈథర్నెట్ చిప్పు తగిలించిన బోర్డులో లింకు లైటు వెలుగుతోందని, ఫర్మ్‌వేర్ ఫ్రేము (తీగ మీద పోయే ఒక డేటా కట్ట) పంపేశానని చెబుతోందని, అయినా కంప్యూటరులో ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ ప్రోగ్రాము ఏమీ చూపడం లేదని రాశారు. మీ దగ్గరున్న రెండు ఛానెళ్ల 100 మెగాహెర్ట్జ్ ఆసిలోస్కోప్‌తో తీగ మీద ఏం పోతోందో చదవగలమా అన్నది మీ ప్రశ్న. నిక్షేపంగా చదవవచ్చు. ఆ చిప్పు 10 మెగాబిట్ వేగంతో మాత్రమే పని చేస్తుంది కాబట్టి సంకేతాన్ని ఆసిలోస్కోపే బిట్లుగా విడమరిచే డీకోడింగ్ లైసెన్సు కూడా మీకు అక్కరలేదు. ఇవే లక్షణాలున్న బోర్డు ఒకటి నా దగ్గరకు వచ్చినప్పుడు ఒక్క బిట్టు కూడా చదవకముందే, ఫ్రేము వెడల్పు కొలవడంతోనే తప్పు దొరికింది. అందుకే ఆ క్రమంలోనే వివరిస్తాను.

ముందుగా, వైర్‌షార్క్ ఏమీ చూపకపోయినంత మాత్రాన ఫ్రేము బయలుదేరలేదని అనుకోకూడదు. ఫ్రేము చెడిపోలేదని సరిచూసే చివరి నాలుగు బైట్ల సీఆర్‌సీ తప్పయినా, మొత్తం ఫ్రేము 64 బైట్లకు తక్కువైనా, నెట్‌వర్క్ కార్డు సాధారణంగా దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ దాకా రానివ్వకుండానే పారేస్తుంది. మధ్యలో స్విచ్చి ఉంటే అక్కడే ఆగిపోతుంది. అసలు పంపకపోవడం, తప్పుగా పంపడం అనే రెండు వేర్వేరు లోపాలు కంప్యూటరు వైపు నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి. వాటి మధ్య తేడా తీగ మీద తప్ప మరెక్కడా తెలియదు.

ప్రోబులను ఆర్‌జె45 సాకెట్టు వైపు కాకుండా, ఈథర్నెట్ ట్రాన్స్‌ఫార్మరుకు చిప్పు వైపున పెట్టండి. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్పు కరెంటు ప్లగ్గులోని ఎర్తుకు కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని సంకేతం మోసే తీగల జంటలో ఒకదానికి తగిలిస్తే జంట సమతుల్యత పోయి, మీరు కొలిచేది అసలు సంకేతం కాకుండా పోతుంది. చిప్పు పంపే రెండు కాళ్లకు రెండు ఛానెళ్లు పెట్టి, రెండు ప్రోబుల గ్రౌండును బోర్డు గ్రౌండుకు కలిపి, మొదటి దాంట్లోంచి రెండోదాన్ని తీసివేసే గణిత ఛానెలును తెర మీదకు తెచ్చుకోండి. ప్రోబులు 10 రెట్ల అమరికలో ఉండాలి, రెండింటి సవరణా (కాంపెన్సేషన్) ఒకేలా చేసి ఉండాలి, గ్రౌండు తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఒక హెచ్చరిక: కరెంటు వైపు విడదీసే ట్రాన్స్‌ఫార్మరు లేకుండా నేరుగా మెయిన్స్ నుంచి కరెంటు తీసుకునే బోర్డయితే, ఉదాహరణకు కొన్ని విద్యుత్ మీటర్ల బోర్డులు, దాని గ్రౌండుకు ఈ క్లిప్పును ఎట్టి పరిస్థితిలోనూ తగిలించకండి.

కేబులు పెట్టి ఉన్నప్పుడు తేడా వోల్టేజి శిఖరం 2.2 నుంచి 2.8 వోల్టుల మధ్య ఉండాలి. అంతకంటే బాగా తక్కువగా ఉంటే ముందు చిప్పు ఆర్‌బయాస్ కాలికి ఉన్న రెసిస్టరు విలువను చూడండి.

ట్రిగ్గరు దగ్గరే చాలామంది విసిగిపోతారు. ఫ్రేములు లేనప్పుడు తీగ మౌనంగా ఉండదు. దాదాపు 16 మిల్లీసెకన్లకు ఒకసారి లింకు బతికే ఉందని చెప్పే 100 నానోసెకన్ల లింకు పల్సు వస్తూనే ఉంటుంది కాబట్టి, మామూలు అంచు ట్రిగ్గరు పెడితే తెర మీద పదే పదే ఆ పల్సే ప్రత్యక్షమవుతుంది. అయితే ప్రతి ఫ్రేము ముగింపులోనూ సంకేతం 250 నానోసెకన్ల వరకు పైస్థాయిలోనే నిలిచి, ఆ తర్వాతే విశ్రాంతికి వస్తుంది. డేటా మధ్యలో ఏ స్థాయీ 100 నానోసెకన్లకు మించి నిలవదు. అందువల్ల పాజిటివ్ కాలి మీద, 200 నానోసెకన్లకు మించిన పల్సు వెడల్పు దగ్గర ట్రిగ్గరు పెట్టి, ట్రిగ్గరు బిందువును తెర కుడి చివరకు జరిపితే, ఫ్రేము మొత్తం దానికి ఎడమ పక్కన వచ్చి కూర్చుంటుంది. ఈ సౌకర్యం లేని ఆసిలోస్కోప్ అయితే, పంపమని చిప్పుకు ఆదేశమిచ్చే చోట ఫర్మ్‌వేరులో మైక్రోకంట్రోలరు జీపీఐఓ (మామూలు అవుట్‌పుట్) కాలిని ఒకదాన్ని పైకి లేపి, దాన్ని బయటి ట్రిగ్గరుకు కలపండి.

ఇప్పుడు బోర్డు చేత ఒక ఏఆర్‌పీ ఫ్రేము (ఐపీ చిరునామాకు సరిపోయే హార్డ్‌వేర్ చిరునామాను అడిగేది లేదా చెప్పేది) పంపించి, కర్సర్లతో మొదటి అంచు నుంచి చివరి బిట్టు దాకా వెడల్పు కొలవండి. 10 మెగాబిట్ దగ్గర ఒక్కో బైటుకు 0.8 మైక్రోసెకన్లు పడుతుంది. ఏఆర్‌పీ సమాచారం 28 బైట్లు, శీర్షిక 14 బైట్లు, కలిపి 42. దాన్ని ఖాళీ బైట్లతో 60 బైట్లకు నింపి (ఇదే నింపుడు), సీఆర్‌సీ 4 బైట్లు చేర్చి, ముందు 8 బైట్ల ప్రియాంబుల్ (ఫ్రేము వస్తోందని తెలిపే బిట్ల వరుస) కలిపితే 72 బైట్లు, అంటే 57.6 మైక్రోసెకన్లు. నింపుడు ఉండి సీఆర్‌సీ లేకపోతే 54.4 వస్తుంది. సీఆర్‌సీ ఉండి నింపుడు లేకపోతే 43.2, రెండూ లేకపోతే 40 వస్తుంది. ఈ నాలుగు అంకెలూ ఒకదానికొకటి తగినంత దూరంలో ఉన్నాయి కాబట్టి కర్సరు కాస్త అటూ ఇటూ అయినా నిర్ణయం మారదు.

నా దగ్గరకు వచ్చిన బోర్డులో అది 43.2 దగ్గర ఆగింది. ఈఎన్‌సీ28జే60లో ప్రతి ప్యాకెట్టుకు ముందు ఒక నియంత్రణ బైటు రాయాలి. అది సున్నా అయితే మ్యాకాన్3 రిజిస్టరులోని అమరికలు వర్తిస్తాయి. బోర్డుతో పాటు వచ్చిన డ్రైవరు అక్కడ 3 రాస్తోంది. అంటే మ్యాకాన్3ను పట్టించుకోవద్దు, సీఆర్‌సీ చేర్చు, నింపుడు మాత్రం వద్దు అని అర్థం. మ్యాకాన్3లో నింపుడు సరిగ్గానే అమర్చి ఉండటం వల్ల కోడు చదివినవారికి అనుమానం రాలేదు. కంప్యూటరులో బోర్డు చిరునామాను ఏఆర్‌పీ పట్టికలో చేత్తో చేర్చగానే పింగ్ చక్కగా పనిచేయడం కూడా దీనికి సరిపోయింది, ఎందుకంటే పింగ్ జవాబు సహజంగానే 64 బైట్లు దాటుతుంది. ఆ 3ను సున్నా చేయడంతో ఏఆర్‌పీ జవాబులు వైర్‌షార్క్‌లో కనిపించసాగాయి.

మీ బోర్డులో వెడల్పు సరిగ్గా ఉండి కూడా ఫ్రేము చేరకపోతే అప్పుడు బిట్లు చదవాలి. ఇది మాంచెస్టర్ సంకేతం. ప్రతి బిట్టు మధ్యలో స్థాయి కింది నుంచి పైకి పోతే 1, పై నుంచి కిందికి వస్తే 0. ప్రతి బైటులోనూ అన్నిటికంటే తక్కువ విలువ గల బిట్టు ముందు వస్తుంది. ఏఆర్‌పీ అభ్యర్థనయితే కంటితోనే ఆనవాళ్లు పట్టవచ్చు. 1, 0 ఒకటి విడిచి ఒకటి వచ్చే ప్రియాంబుల్ 5 మెగాహెర్ట్జ్ చదరపు తరంగంలా సాగి, చివర రెండు 1లు పక్కపక్కన రాగానే గమ్యపు చిరునామా మొదలవుతుంది. అది అన్నీ 1లే కాబట్టి 4.8 మైక్రోసెకన్ల పాటు తరంగం 10 మెగాహెర్ట్జ్‌కు చిక్కబడుతుంది. ఆ చిక్కదనం తర్వాత వచ్చే మొట్టమొదటి వెడల్పు పల్సు పంపేవారి చిరునామాలోని తొలి బిట్టు. పంపే చిరునామాలో అది ఎప్పుడూ సున్నాయే. మీ చిరునామా 02తో మొదలైతే అక్కడ పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పు, మళ్లీ పైన ఒక వెడల్పు కనిపించి, ఆ తర్వాత వరుసగా సన్నవి వస్తాయి. ప్రియాంబుల్ చివర 1లకు బదులు 0లు కనిపిస్తే ప్రోబులు తారుమారయ్యాయని గ్రహించండి.

ఫ్రేము మొత్తాన్ని ఇలా చదవడం శిక్షే. 100 మెగాశాంపిళ్ల వేగంతో 70 మైక్రోసెకన్లు పట్టినా 7,000 బిందువులే కాబట్టి, దాన్ని సీఎస్‌వీగా దాచి, అంచుల మధ్య దూరం 75 నానోసెకన్లకు అటా ఇటా అని చూసే చిన్న పైథాన్ ప్రోగ్రాము రాసుకోండి. గమ్యపు చిరునామా నుంచి సీఆర్‌సీ దాకా అన్ని బైట్లనూ పైథాన్‌లోని జీలిబ్ లైబ్రరీలో ఉన్న సీఆర్‌సీ32 ఫంక్షనుకు ఇస్తే, ఫ్రేము ఆరోగ్యంగా ఉన్నప్పుడు జవాబు ఎప్పుడూ హెక్సాడెసిమల్‌లో 2144డీఎఫ్1సీ అనే వస్తుంది.

100 మెగాబిట్ చిప్పుతో ఇదే పని చేయాలనుకునేవారికి: అక్కడ మూడు స్థాయిల సంకేతం, 8 నానోసెకన్ల గుర్తులు, పైగా ఫ్రేము లేనప్పుడు కూడా 11 బిట్ల రిజిస్టరుతో గిలకొట్టిన ప్రవాహం ఆగకుండా పోతూనే ఉంటుంది. కంటితో అసాధ్యం, ప్రోగ్రాముతో సాధ్యం. నేనయితే ఫీ (పీహెచ్‌వై) చిప్పులో, అంటే తీగ మీది సంకేతాన్ని నడిపే చిప్పులో, సున్నా నంబరు రిజిస్టరులోని 12, 13 బిట్లను సున్నా చేసి లింకును 10కి దించి చూస్తాను. లోపం 100 దగ్గర మాత్రమే వస్తుంటే ఈ ఉపాయం పనికిరాదు. గిగాబిట్‌లో నాలుగు జంటల మీదా రెండు దిశల సంకేతాలూ ఒకేసారి కలిసి పోతాయి కాబట్టి మామూలు ప్రోబుతో ఆ జోలికి పోకపోవడమే మేలు.

ఫ్రేములు కనిపించడం మొదలయ్యాక, కాస్త రద్దీ పెరగగానే కొన్ని పోతున్నట్లయితే డ్యూప్లెక్స్‌ను, అంటే పంపడం, స్వీకరించడం ఒకేసారి జరగాలా (ఫుల్), వంతులవారీగా జరగాలా (హాఫ్) అన్న అమరికను అనుమానించండి. ఈ చిప్పుకు ఆటో నెగోషియేషన్ (ఈ అమరికను రెండు పరికరాలూ తమలో తామే తేల్చుకునే పద్ధతి) లేదు కాబట్టి అవతలి పరికరం హాఫ్ డ్యూప్లెక్స్‌లోకి దిగుతుంది. మీ ఫర్మ్‌వేర్ ఫుల్ డ్యూప్లెక్స్ పెట్టి ఉంటే, మీరు పంపుతున్నప్పుడల్లా అవతలివారు ఢీకొన్నామనుకుని తమ ఫ్రేమును మధ్యలో తెంచేస్తారు. ప్రోబులను స్వీకరించే జంటకు మార్చి చూస్తే 57.6 మైక్రోసెకన్లకు కూడా చేరని ముక్కలు కనిపిస్తాయి. మ్యాకాన్3లోనూ, పీహెచ్‌కాన్1 రిజిస్టరులోనూ డ్యూప్లెక్స్ బిట్లు రెండింటినీ సున్నా చేస్తే అవి పోతాయి.