ల్యాండ్‌స్కేప్ ఎడిటింగ్‌లో ప్రయోగాలా? ముందు మీ పనికిరాని ఫోటోలు బయటికి తీయండి

మీరు అడిగినవి రెండు. ప్రీసెట్లు (ముందే తయారుచేసి ఉంచిన ఎడిటింగ్ సెట్టింగులు) వేసీ వేసీ కొండలూ చెరువులూ అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, కొత్తగా ఎడిట్ చేయడం ఎలా? అలా చేస్తే అది మోసం కాదా? నేను చాలా ఏళ్లుగా ఎక్కువగా ల్యాండ్‌స్కేప్‌లే తీస్తున్నాను కాబట్టి నాకు పనికొచ్చినవి చెబుతాను.

ప్రయోగాలు మీ మంచి ఫోటోల మీద చేయకండి. ఎర్రటి సూర్యాస్తమయం ఫోటో ఎలా ఉండాలో ముందే తేలిపోయి ఉంటుంది. మహా అయితే మీరు రంగు కాస్త పెంచుతారు, లేదంటే తగ్గిస్తారు. మబ్బు పట్టిన రోజునో మిట్టమధ్యాహ్నమో తీసి, ఇది దేనికీ పనికిరాదని పక్కన పడేసినవి ఉంటాయి కదా, వాటితో మొదలుపెట్టండి. మబ్బు వెలుతురులో గట్టి నీడలు ఉండవు. కాబట్టి వెలుగు ఎటు నుంచి రావాలో మీరే నిర్ణయించుకోవచ్చు. ఎడిటింగ్‌లో నాకొచ్చినదంతా దాదాపు అలాంటి ఫైళ్ల మీద నేర్చుకున్నదే.

అది కూడా రా ఫైల్ (కెమెరా నమోదు చేసిన సమాచారం కుదించకుండా ఉండే ఫైల్) అయితేనే. 14 బిట్ రా ఫైల్‌లో వెలుగు 16,384 మెట్లుగా నమోదవుతుంది. మామూలు ఫోటో ఫైల్ అయిన జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. మామూలుగా చూస్తే తేడా తెలియదు. స్లైడర్లను గట్టిగా లాగినప్పుడు నునుపుగా ఉండాల్సిన నీలి ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది.

ఒక్కటే నేర్చుకునే ఓపిక ఉందంటే డాడ్జ్ అండ్ బర్న్ నేర్చుకోండి, అంటే ఫోటోలో కొన్ని చోట్ల వెలుగు పెంచడం, కొన్ని చోట్ల తగ్గించడం. ఫోటోషాప్‌లో కొత్త లేయర్ (ఫోటో మీద పరిచే పొర) తీసి, 50 శాతం గ్రేతో నింపి, బ్లెండ్ మోడ్‌ను (ఆ పొర కింది ఫోటోతో కలిసే తీరును) సాఫ్ట్ లైట్‌కు మార్చండి. ఫోటోలో ఏ మార్పూ కనిపించదు. ఇప్పుడు మెత్తటి అంచున్న బ్రష్ తీసుకుని ఫ్లో (రుద్దినప్పుడు పడే రంగు మోతాదు) 3 నుంచి 5 శాతం మధ్య పెట్టండి. తెలుపుతో రుద్దిన చోట వెలుగు, నలుపుతో రుద్దిన చోట నీడ వస్తుంది. వాగు ఒడ్డున రాళ్లున్న ఫోటో ఉందనుకోండి. వెలుగు ఎడమవైపు పైనుంచి వస్తోందని మనసులో పెట్టుకుని, ప్రతి రాయికీ ఎడమ భుజం మీద తెలుపు, కుడివైపు కింద నలుపు రుద్దుతూ పోండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. కాసేపయ్యాక బల్లపరుపుగా పడున్న రాళ్లు గుండ్రంగా పైకి లేస్తాయి. తర్వాత వాగు వంపు వెంట కాస్త తెలుపు ఇవ్వండి. వెనక చెట్ల సందుల్లోంచి మెరిసే చిన్న చిన్న ఆకాశం ముక్కలను మాత్రం నలుపుతో అణచాలి, లేకపోతే చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది. మధ్యమధ్యలో లేయర్‌ను ఆపి, మళ్లీ ఆన్ చేసి పోల్చుకోండి. ఒక్కసారిగా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ లేయర్ ఒపాసిటీ (అది ఎంత గట్టిగా కనిపించాలన్నది) సగానికి తగ్గించండి.

ఇది కంప్యూటర్లతో వచ్చిన విద్య కాదు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బులు తెలుస్తాయి. తర్వాతి కాలం ప్రింట్లలో ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది. నెగటివ్ అదే, డార్క్‌రూమ్‌లో బర్న్ చేసిన తీరు మారింది.

ఆర్టన్ ఎఫెక్ట్ గురించి కూడా వినే ఉంటారు. 1980ల్లో ఫోటోగ్రాఫర్ మైకేల్ ఆర్టన్ ఒకటి షార్ప్‌గా, ఒకటి ఫోకస్ తప్పించి తీసిన రెండు స్లైడ్లను (పారదర్శకమైన ఫిల్మ్ ఫోటోలను) ఒకదాని మీద ఒకటి పెట్టి ఆ మెత్తటి మెరుపు సాధించాడు. ఇప్పుడైతే లేయర్‌ను డూప్లికేట్ చేసి, గాసియన్ బ్లర్ (ఫోటోను మసకబార్చే ఫిల్టర్) వేసి, ఒపాసిటీని 10, 15 శాతానికి దించితే చాలు. పొగమంచు, అడవి, చెట్ల వెనక నుంచి వచ్చే వెలుగు, వీటికి బాగా నప్పుతుంది. ఎండిన రాతి కొండ మీద వేస్తే మాత్రం లెన్స్‌కు నూనె రాసి తీసినట్టుంటుంది. అడవి ఫోటోలో కూడా ముందువైపు నేలను మాస్క్‌తో (ఎఫెక్ట్ పడకుండా కప్పే సాధనంతో) మినహాయించండి.

మిట్టమధ్యాహ్నం ఫోటోలకు నా సలహా బ్లాక్ అండ్ వైట్. నీలం స్లైడర్ తగ్గిస్తే ఆకాశం నల్లబడుతుంది. పసుపు స్లైడర్ పెంచితే చెట్లు తెల్లబడి ఇన్‌ఫ్రారెడ్ ఫోటో ఛాయలు వస్తాయి. ఆకుపచ్చ ఉండగా పసుపెందుకంటారా? ఆకుల రంగులో మనం అనుకునేదానికన్నా పసుపే ఎక్కువ, కదిపి చూస్తే మీకే తెలుస్తుంది. నీలాన్ని మరీ కిందికి లాగితే కొండ అంచు వెంట తెల్లటి గీత పుడుతుంది, ఆకాశంలో నాయిస్ (గరుకైన చుక్కలు) లేస్తుంది. అంచును 100 శాతం జూమ్‌లో చూసుకుంటూ లాగండి. మల్టిపుల్ ఎక్స్‌పోజర్ (ఒకే ఫోటోలో ఒకటికి మించిన షాట్లు కలపడం), కెమెరాను కావాలనే కదిలించి తీయడం కూడా సరదాగానే ఉంటాయి కానీ అవి ఎడిటింగ్‌లోకన్నా తీసేటప్పుడు చేసే పనులు.

ఆకాశం మార్చేయడం అంటే నాకు పడదు. 2020 నుంచి ఫోటోషాప్‌లో ఒక్క క్లిక్కుతో అయిపోతోంది నిజమే. కానీ కొత్త ఆకాశంలో సూర్యుడు కుడివైపుంటే, కింద పాత ఫోటోలోని నీడలు కూడా కుడివైపుకే పడి ఉండొచ్చు. నీళ్లలో పాత ఆకాశమే మిగిలిపోతుంది. అవన్నీ సరిచేసే టైమ్‌లో మరోసారి వెళ్లి ఫోటో తీసుకుని రావచ్చు.

ఇక మోసం సంగతి. 1850ల్లో ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ గుస్తావ్ ల గ్రే తన సముద్రపు ఫోటోలు కొన్నింటిలో ఆకాశానికి ఒకటి, నీళ్లకు ఒకటి చొప్పున వేర్వేరు నెగటివ్‌లు వాడాడు. అప్పటి ప్లేట్లు నీలం రంగుకు మరీ స్పందించేవి, సముద్రం సరిగ్గా వచ్చేలా తీస్తే ఆకాశం తెల్లగా తేలిపోయేది. కాబట్టి కలపడమే తప్పని నేననను. చూసేవాళ్లకు మనం ఏం చెబుతున్నామన్నదే ముఖ్యం. గోడకు పెట్టుకునే ప్రింట్‌కు మీ ఇష్టం, ‘ఆ చోటు ఇలాగే ఉంటుంది’ అని చూపించేదానికి కాదు. పోటీలది ఇంకో లెక్క. బ్రిటన్‌లో 2012 ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో మొదటి బహుమతి ప్రకటించాక, ఎడిటింగ్ నిబంధనలు దాటిందని వెనక్కి తీసుకున్నారు. పంపే ముందు ఆ విభాగం నిబంధనలు చదవండి. చాలా పోటీలవాళ్లు చివర్లో ఒరిజినల్ రా ఫైల్ అడుగుతారు, ఎడిట్ అయిపోయింది కదా అని దాన్ని డిలీట్ చేయకండి.