బాడీ తర్వాత, ముందు లెన్స్

చిన్నీ,

నువ్వు పంపిన పట్టిక చూశాను. నాలుగు కెమెరాల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా మెగాపిక్సెల్‌లు, స్క్రీన్ సైజు, సెకనుకి ఎన్ని ఫొటోలు తీస్తుంది, వైఫై ఉందా లేదా... ఓపిగ్గానే కూర్చున్నావు. "వీటిలో ఏది తీసుకోమంటావు మావయ్యా?" అని అడిగావు. అన్నీ ఉన్నాయి గానీ, అందులో లెన్స్ అనే గడే లేదు. నేను చెప్పాల్సిందంతా దాని గురించే.

డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగే కెమెరా) కొనడమంటే ఒక మౌంట్‌ని, అంటే లెన్స్ తగిలించే పట్టుని, ఎంచుకోవడం. బాడీ, అంటే లెన్స్ తీసేసిన కెమెరా, నాలుగైదేళ్లకు పాతబడుతుంది, నీకే మార్చాలనిపిస్తుంది. మంచి లెన్స్ అంత తొందరగా పాతబడదు. కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987లో వచ్చింది. అప్పటి కెనాన్ లెన్స్ ఇప్పటి కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి తగిలించినా ఆటోఫోకస్ పనిచేస్తుంది. నికాన్ ఎఫ్ మౌంట్ ఇంకా పాతది, 1959 నాటిది. కాకపోతే దానితో కొన్ని మెలికలున్నాయి, అవి తర్వాత చెప్తాను. కాబట్టి నీ దగ్గరున్న మొత్తంలో సగానికి మించి బాడీ మీద పెట్టకు. లెన్స్‌లు, మెమరీ కార్డులు, రెండో బ్యాటరీ మిగతా సగంలో రావాలి.

ముందు నువ్వేం తీస్తావో తేల్చుకో. స్నేహితుల ముఖాలా, స్టేజీ మీద డాన్సులా, పిట్టలా, వీధులా, వీడియోనా? స్టూడెంట్ బడ్జెట్‌లో ఇవన్నీ కుదరవు. పిట్టలంటే దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే పెద్ద టెలిఫొటో లెన్స్ కావాలి, దాని జోలికి ఇప్పుడు వెళ్లకు. నీ ఫోన్‌లో ఉన్న ఫొటోలు చూస్తే నాకు తెలిసిందేమిటంటే, నువ్వు ఎక్కువగా మనుషుల్ని తీస్తావు, అదీ ఇంటి లోపల, సాయంత్రాలు. అంటే నీ సమస్య వెలుతురు.

కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ (ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి) మీద ఎఫ్/3.5-5.6 అని రాసుంటుంది. జూమ్ చేసి 55 దగ్గరికి వెళ్లేసరికి అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. అదే ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) దానికి దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వదులుతుంది. లెక్క చేసి చూడు. కిట్ లెన్స్‌తో షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకనులో 20వ వంతు వచ్చే చోట, ప్రైమ్‌తో 200వ వంతు వస్తుంది. 20వ వంతుకి మాట్లాడుతున్న మనిషి చెయ్యి చెదిరిపోతుంది, డాన్స్ చేసేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 200వ వంతుకి చాలావరకు నిలబడతారు. ఐఎస్ఓ (బొమ్మని పట్టే సెన్సర్ వెలుతురుకి స్పందించే స్థాయి) పెంచి ఈ తేడా పూడ్చుకోవచ్చనుకుంటావేమో, పది రెట్లు పెంచితే ఫొటో నిండా గింజలు కనిపిస్తాయి. ఎంత ఖరీదైన బాడీ కొన్నా కిట్ లెన్స్ దగ్గరే ఆగిపోతే నీ సాయంత్రం ఫొటోలు పెద్దగా మారవు.

అందుకని కిట్ లెన్స్ ఒకటి, ప్రైమ్ ఒకటి. అందరూ 50 ఎఫ్/1.8 కొనమంటారు, రెండు కంపెనీల్లోనూ అన్నిటికంటే చవకైన లెన్స్‌లలో అదొకటి కాబట్టి. కానీ నీ బడ్జెట్‌లో వచ్చే కెమెరాల్లో ఉండేది ఏపీఎస్-సీ సెన్సర్, ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ సైజు) కంటే చిన్నది. దాని మీద 50 పెడితే నికాన్‌లో 75 లాగా, కెనాన్‌లో 80 లాగా కనిపిస్తుంది. ఒక్క మనిషి ముఖానికి చాలా బాగుంటుంది. గదిలో నలుగురిని కలిపి తీద్దామంటే మాత్రం నీ వీపు గోడకి తగిలినా ఫ్రేములో పట్టరు. నికాన్ అయితే 35 ఎఫ్/1.8 డీఎక్స్ (నికాన్ ఏపీఎస్-సీని డీఎక్స్ అంటుంది) తీసుకో, నా ఓటు దానికే. కెనాన్‌లో ఆ ధరకి సరిగ్గా అలాంటిది లేదు. 24 ఎఫ్/2.8 ఎస్టీఎం అనే పలచటి లెన్స్ ఉంది, చిన్నదీ చక్కటిదీనూ, అయితే వెలుతురు 1.8 అంత రాదు.

35 కావాలో 50 కావాలో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరిదైనా కిట్ లెన్స్ ఉన్న కెమెరా రెండు రోజులు అడిగి తెచ్చుకో, లేదా అద్దెకి తీసుకో. మొదటి రోజంతా జూమ్‌ని 35 దగ్గర పెట్టి కదపకు. రెండో రోజు 50 దగ్గర. ఏ రోజు ఎక్కువ విసుక్కున్నావో దాన్ని వదిలెయ్.

"రెండు లెన్స్‌ల కిట్" అని ఊరిస్తారు చూడు, అక్కడ ఆగి రెండో లెన్స్ పేరు పూర్తిగా చదువు. కెనాన్ 75-300, నికాన్ 70-300లో వీఆర్ అని రాయని రకం, ఇలాంటివి అంటగడతారు. వీటిలో స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకుని సర్దే ఏర్పాటు, నికాన్ దాన్నే వీఆర్ అంటుంది) ఉండదు. 300 దగ్గర చేత్తో పట్టుకుని తీయాలంటే షట్టర్ స్పీడ్ 500వ వంతుకి తగ్గకూడదు, ఆ లెన్స్‌తో ఆరుబయట మంచి ఎండలో తప్ప అది కుదరదు. రెండు వచ్చాయన్న తృప్తి తప్ప ఏమీ ఉండదు.

ఇక బాడీ. కొత్తదాని కంటే సెకండ్ హ్యాండ్ మేలు అంటాను, అందులోనూ కొత్త ఎంట్రీ లెవెల్ కంటే పాత మిడ్ రేంజ్. కెనాన్, నికాన్ రెండూ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాల) వైపు వెళ్లిపోయాయి. వాటి ఆఖరి పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్‌లు 2020లో వచ్చాయి. పాత కెమెరాలు అమ్మేసి మిర్రర్‌లెస్‌కి మారేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు, అది నీకు లాభం. "చచ్చిపోతున్న వ్యవస్థ కొంటావా?" అని నీ ఫ్రెండ్ అన్నాడట కదా. కొత్త లెన్స్‌లు రావు, నిజమే. కానీ ఉన్న లెన్స్‌లే నీ జీవితానికి చాలినన్ని ఉన్నాయి. రేపు నువ్వు కెనాన్ మిర్రర్‌లెస్‌కి మారినా ఈ ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టర్‌తో ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో ఏఎఫ్-ఎస్ (లోపలే ఫోకస్ మోటార్ ఉన్న) లెన్స్‌లు అలాగే పనిచేస్తాయి.

మిడ్ రేంజ్ ఎందుకంటున్నానంటే, దాంట్లో రెండు డయల్‌లుంటాయి. ఒక వేలితో షట్టర్, ఇంకో వేలితో అపెర్చర్. నేర్చుకునేవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం. ఒకే డయల్ ఉన్న కెమెరాలో బటన్ నొక్కి పట్టుకుని తిప్పాలి, నాలుగు రోజులకి విసుగొచ్చి ఆటో మోడ్‌కి వెళ్లిపోతారు. వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) కూడా అద్దాలకి బదులు గాజు ప్రిజం ఉంటుంది కాబట్టి లోపల బొమ్మ పెద్దగా, వెలుగుగా కనిపిస్తుంది. నికాన్ డీ7100, కెనాన్ 70డీ చూడు, రెండూ 2013వి. ఇంకా తగ్గాలంటే 2010లో వచ్చిన డీ7000, 60డీ.

ఒక్క చిక్కు, బరువు. డీ7100 బ్యాటరీ, కార్డుతో కలిపి 765 గ్రాములు, లెన్స్ అదనం. నికాన్ డీ3500 అయితే 415 గ్రాములే, దాని బ్యాటరీ ఒక్క చార్జింగ్‌కి 1,550 ఫొటోల దాకా వస్తుంది. రెండూ చేతిలో పట్టుకుని చూడు. బరువని ఇంట్లో వదిలేసి వెళ్తాననిపిస్తే మొహమాటపడకుండా డీ3500 తీసుకో. అన్నట్టు, నీ పట్టికలో కెనాన్ 3000డీ ఉంది, కొన్ని చోట్ల దాన్నే 4000డీ అంటారు. అది కొట్టెయ్. లెన్స్ తగిలించే మౌంట్ ప్లాస్టిక్‌ది. పైగా వ్యూఫైండర్‌ని కంటి పవర్‌కి తగ్గట్టు సరిచేసుకునే చిన్న చక్రం తీసేశారు. కళ్లజోడు పెట్టుకునే నీకు అది లేకపోతే ఎలా?

నికాన్ మెలికలు చెప్తానన్నాను. డీ3000, డీ5000 వరసల్లోని బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. లెన్స్‌లోనే మోటార్ ఉండాలి, అంటే ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో రాసుండాలి. చవకగా దొరికే పాత 50 ఎఫ్/1.8డీ వాటికి తగులుతుంది, కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. డీ7000, డీ7100లో మోటార్ ఉంది కాబట్టి ఆ గొడవ లేదు. ఏఎఫ్-పీ లెన్స్‌లకి ఇంకో పేచీ ఉంది. డీ3100, డీ3200, డీ5100 లాంటి పాతవాటి మీద అవి ఫోకస్సే చెయ్యవు. లెన్స్ పేరూ బాడీ పేరూ కలిపి చూసుకోకుండా డబ్బు తియ్యకు.

మెగాపిక్సెల్‌ల గడి మాత్రం చెరిపెయ్. 24 మెగాపిక్సెల్‌లంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు, మంచి నాణ్యతతో 20 అంగుళాల వెడల్పు ప్రింటు వస్తుంది. 16 ఉన్నదానికి 16 అంగుళాలు. 4కే టీవీలో మొత్తం చూపించేదే 8 మెగాపిక్సెల్‌లు.

వీడియో ముఖ్యమైతే మాట వేరు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వీడియో తీసేటప్పుడు అద్దం పైకి లేచి వ్యూఫైండర్ చీకటైపోతుంది. స్క్రీన్ చూసి తీయాలి, చాలా మోడళ్లలో అప్పుడు ఫోకస్ వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. కెనాన్ 70డీతో మొదలైన డ్యూయల్ పిక్సెల్ అనే ఫోకస్ పద్ధతి ఉన్నవాటిలో ఆ బాధ తక్కువ. 200డీలో కూడా అది ఉంది.

సెకండ్ హ్యాండ్ కెమెరా చూడ్డానికి వెళ్లేటప్పుడు నీ కార్డు, ల్యాప్‌టాప్, టార్చ్ పట్టుకెళ్లు. గంట సమయం అడుగు. చూసుకోనివ్వకుండా తొందరపెట్టేవాడి దగ్గర కొనకు, ఎంత చవకైనా సరే.

లెన్స్‌తో మొదలుపెట్టు. బాడీ నుంచి తీసి, వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి చూడు. సన్నటి సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్, వద్దని చెప్పేసి వచ్చెయ్. ఒకటీ రెండు దుమ్ము కణాలుంటే పర్లేదు, ఫొటోలో కనబడవు. తర్వాత అపెర్చర్ ఎఫ్/16 పెట్టి, ఫోకస్ తప్పించి తెల్లగోడని తియ్. ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే మసక మచ్చలు కనిపిస్తాయి. అవి సెన్సర్ మీది దుమ్ము, శుభ్రం చేయించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమను. మచ్చ కాకుండా గీత కనిపిస్తే మాత్రం ఆ బాడీ వదిలెయ్. లెన్స్ మూత పెట్టి షట్టర్ ఐదు సెకన్లు తెరిచి ఉంచి ఫొటో తీసి చూడు, వెలిగిపోయే రంగు చుక్కలు గుంపుగా కనిపిస్తే అదీ అనుమానించాల్సిందే.

అచ్చు అక్షరాలున్న కాగితాన్ని ఏటవాలుగా పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, మధ్య వరస మీద ఫోకస్ చెయ్. ఒకసారి వ్యూఫైండర్‌తో, ఒకసారి స్క్రీన్‌తో. స్క్రీన్‌తో తీసింది సరిగ్గా వచ్చి, వ్యూఫైండర్‌తో తీసిందాంట్లో పై వరసో కింది వరసో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పుతోందన్నమాట. చాలామంది ఇది చూడకుండా కొని, ఆ తర్వాత తమకే ఫొటోలు తీయడం రాదనుకుంటారు.

షట్టర్ కౌంట్, అంటే కెమెరా ఇప్పటిదాకా ఎన్ని క్లిక్‌లు తిరిగిందో, అడుగు. నికాన్ తన ఫొటో ఫైల్లోనే ఆ లెక్క రాస్తుంది, అప్పటికప్పుడు తీసిన ఫొటోని ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసుకోవచ్చు. కెనాన్ చాలా మోడళ్లలో రాయదు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. చిన్న కెమెరాల షట్టర్‌ని సాధారణంగా లక్ష క్లిక్‌లకు పరీక్షిస్తారు. లక్ష దాటగానే ఆగిపోతుందని కాదు, 30 వేలకే పోదని హామీ కూడా కాదు. 80 వేలు తిరిగినా శుభ్రంగా వాడినది, 10 వేలే తిరిగి తేమలో మూలపడినదాని కంటే నయం. ఆఖర్న ప్రతి బటనూ నొక్కు, ఫ్లాష్ లేపు, కార్డు మూత, బ్యాటరీ మూత తెరిచి మూసి చూడు. బిల్లు మీద సీరియల్ నంబరు, బాడీ కింద నంబరు ఒకటేనా చూసుకో. తేడా ఉంటే అది ఎవరి దగ్గర కొట్టేసిందో మనకి తెలియదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు కార్డు దగ్గర పీనాసితనం వద్దు, నకిలీవి చాలా తిరుగుతున్నాయి. 128 జీబీ ఒకటి కంటే 32 జీబీవి రెండు మంచిది, ఒకటి పోయినా రోజంతా పోదు. 24 మెగాపిక్సెల్ రా ఫైలు (కెమెరా మార్పుల్లేకుండా దాచే ఫొటో) 25-30 ఎంబీ ఉంటుంది, 32 జీబీలో వెయ్యి దాకా పడతాయి. యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు) బదులు లెన్స్ హుడ్ (పక్క వెలుతురుని ఆపే తొడుగు) కొనుక్కో. గాలి కొట్టే రబ్బరు బ్లోయర్ ఒకటి ఉండాలి. ట్రైపాడ్ ఇప్పుడే వద్దు, చవక ట్రైపాడ్ అసలే వద్దు. ఎడిటింగ్‌కి నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ పడకు. డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితం. నికాన్, కెనాన్ కూడా తమ సొంత సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తాయి.

ఏదైనా కుదిరేలా ఉంటే డబ్బు చేతులు మారకముందే ఆ తెల్లగోడ ఫొటో, కాగితం ఫొటోలు నాకు పంపు. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపకు, డాక్యుమెంట్‌లా పంపు. ఫొటోలా పంపితే అది ఫైలుని కుదించేస్తుంది, నాకు మచ్చలూ కనబడవు, క్లిక్‌ల లెక్కా కనబడదు.

ఆశీస్సులతో,
మావయ్య