పాఠకుల ప్రశ్నలు: దూరదేశంలో మన క్రిస్మస్

ప్రశ్న: మా అమ్మాయి చదువుకని జర్మనీలోని హాంబర్గ్ వెళ్లింది. ఇంటికి దూరంగా ఇదే తొలి క్రిస్మస్. అరిసెలు, గులాబీ పువ్వులు (అచ్చుతో వేసే పిండివంట) పార్సిల్ చేద్దామనుకుంటున్నాను. వెళ్తాయా? గులాబీ పువ్వుల అచ్చు వెంట తీసుకెళ్లింది గానీ అది పిండిని వదలడం లేదట. అర్ధరాత్రి ఆరాధన తప్పిపోతుందని కూడా బెంగపడుతోంది.
– ఒక తల్లి, జయపురం (ఒడిశా)

జవాబు: వండినవి పంపకండి. గులాబీ పువ్వులు దారిలోనే పొడైపోతాయి. నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్లు లగేజీలోగానీ పార్సిల్‌లోగానీ వెళ్తే ఐరోపా సమాఖ్య దేశాల్లో కస్టమ్స్ వాళ్లు తీసి పారేస్తారు. 45 యూరోల లోపు విలువ చేసే బహుమతికి సుంకం ఉండదు కాబట్టి కీర్తనల పుస్తకం, కొత్త బట్టలు, కాగితపు నక్షత్రం పంపండి. ఫారంలో ప్రతి వస్తువూ ధరతో సహా రాయండి. నక్షత్రంతో బల్బు హోల్డరు పెట్టొద్దు. మన ఇళ్లలో ఎక్కువగా వాడేది రెండు పిన్నుల బల్బు, అక్కడిది మర బల్బు. హోల్డరు అక్కడే కొనుక్కుని 5 వాట్లకు మించని ఎల్‌ఈడీ పెడితే కాగితం వేడెక్కదు.

ఇక గులాబీ పువ్వులు. కప్పు మైదా, పావు కప్పు బియ్యప్పిండి, పావు కప్పు చక్కెర పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, చెంచా నువ్వులు. అక్కడ మైదాకు బదులు 405 రకం గోధుమపిండి అడగాలి. డబ్బా కొబ్బరిపాలు చిక్కగా ఉంటాయి, సగానికి సగం నీళ్లు కలిపి, దోసెల పిండికన్నా కాస్త పల్చగా వచ్చేదాకా కొద్దికొద్దిగా పోసుకోవాలి.

పిండి వదలకపోవడానికి మొదటి కారణం అచ్చు కొత్తది కావడమే. రాత్రంతా నూనెలో నానబెట్టి, మర్నాడు కాగే నూనెలో పది నిమిషాలు ఉంచాలి. మొదటి రెండు మూడు పువ్వులు పోయినా ఫర్వాలేదు, ఆ తర్వాత అచ్చు దారికొస్తుంది. రెండో కారణం ముంచే తీరు. అచ్చును ముప్పావు వంతే పిండిలో ముంచాలి. పైఅంచు మునిగితే పిండి అచ్చును కప్పేసి ఇక ఊడదు. చక్కెర ఎక్కువైనా అతుక్కుంటుంది. పిండి అచ్చుకు అంటకుండా జారిపోతోందంటే అచ్చు మరీ కాగిందని, లేదా నూనె కారుతోందని అర్థం. అచ్చును కాగితం మీద ఒక్కసారి అద్ది ముంచితే సరిపోతుంది.

అక్కడి విద్యుత్ పొయ్యిలు చాలావరకు గాజు పలకవి. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు వాటిమీద కాగదు, చదును అడుగున్న లోతు గిన్నె కావాలి. గ్యాస్ మంటలా తగ్గించగానే వేడి తగ్గదు, అందుకని మొదటినుంచీ మధ్యస్థంగానే ఉంచాలి. గదుల్లో పొగ అలారాలుంటాయి. వంటగది తలుపు మూసి, కిటికీ తెరిచి వేయించుకోమనండి. మిగిలిన నూనె సింకులో పొయ్యకూడదు, చల్లారాక సీసాలో పోసి చెత్తలో వేయాలి.

అరిసెల జోలికి ఈ ఏడాది వెళ్లొద్దనే మా సలహా. కొట్లో దొరికే పొడి బియ్యప్పిండితో అరిసె నూనెలో విచ్చిపోతుంది. నానబెట్టిన బియ్యం తడి ఆరకముందే దంచిన పిండి కావాలి, పాకం కూడా చేయి తిరిగినవాళ్లకే కుదురుతుంది.

ఆరాధన తప్పిపోదు. డిసెంబరులో హాంబర్గ్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. జయపురంలో అర్ధరాత్రి గంట మోగేటప్పటికి అక్కడ 24 సాయంత్రం ఏడున్నర. అక్కడి చర్చిల్లో ఆ మధ్యాహ్నం నుంచే ఆరాధనలుంటాయి. సాయంత్రం అక్కడికి వెళ్లొచ్చి, తర్వాత ఫోన్‌లో మీతో కలవచ్చు. సరుకులు మాత్రం 23కే తెచ్చుకోవాలి. 24న దుకాణాలు మధ్యాహ్నానికే మూసేస్తారు, 25, 26 సెలవులు.

మరో మాట. జయపురం లూథరన్ సంఘానికి పునాది వేసిన మిషనరీలు 1882లో వచ్చింది హాంబర్గ్‌కు ఉత్తరాన ఉన్న బ్రెక్లుమ్ నుంచే. ఉత్తర జర్మనీ లూథరన్ చర్చికి నేటికీ జయపురంతో సంబంధాలున్నాయి. అక్కడి లూథరన్ చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారికి ‘మాది జయపురం సంఘం’ అని చెప్పమనండి. పండగపూట ఒంటరిగా గదిలో కూర్చోవాల్సిన అవసరం ఆ పిల్లకు లేదు.

ప్రశ్న: మా తమ్ముడు కువైట్‌లో పని చేస్తున్నాడు. 25న సెలవు లేదంటున్నాడు. ఎలా?
– గుణుపురం పాఠకుడు

జవాబు: అక్కడ క్రిస్మస్ ప్రభుత్వ సెలవు కాదు, వారాంతం శుక్ర, శనివారాలు. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగుతో సహా ఎన్నో భాషల ఆరాధనలు జరుగుతాయి. పండగకు దగ్గరి శుక్రవారం వేళలు ముందే కనుక్కోమనండి. జనం విపరీతంగా వస్తారు, గంట ముందు చేరాలి. సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) జేబులో ఉండాలి. గుణుపురంలో అర్ధరాత్రి అంటే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, పని దిగాక ఫోన్‌లో కలవడానికి వీలైన వేళే. ఇంటికి పండగ డబ్బు పంపేదైతే 22కల్లా పంపాలి. 25న మన బ్యాంకులు మూసి ఉంటాయి.