థాంక్స్‌గివింగ్ భోజనానికి ఆర్‌వీ: అద్దెకు తీసుకోవాలా, కొనాలా?

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో సొంత ఇంట్లో ఉంటున్నాము. నేను హెచ్-1బీ వీసాపై పనిచేస్తున్నాను, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాము. ఈ నవంబరులో మా అమ్మానాన్నలు ఇక్కడే ఉంటారు. పిల్లలిద్దరితో కలిపి ఆరుగురం థాంక్స్‌గివింగ్ వారంలో ఆర్‌వీలో (పడకలు, వంటగది ఉన్న బండిలో) టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్కుకు వెళ్లి, పండుగ భోజనం అక్కడే చేయాలనుకుంటున్నాము. అద్దెలు చూస్తే గుండె గుభేలుమంది. ఒక డీలరు 70,000 డాలర్లకు వాడిన క్లాస్-సి మోటార్‌హోమ్ (మధ్యరకం ఆర్‌వీ) చూపించి, 20 శాతం ముందు కడితే మిగతాది 8 శాతం వడ్డీపై 15 ఏళ్ల రుణమని, నెలకు 535 డాలర్లేనని, వడ్డీకి పన్ను మినహాయింపు కూడా ఉంటుందని చెబుతున్నాడు. కొనడమే మేలా? భోజనం ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

జవాబు: రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కనుక ముందు అదే చెబుతాను. భోజనం ఖర్చు తగ్గించుకోవలసిన అవసరమే లేదు. అమెరికన్ ఫార్మ్ బ్యూరో అనే రైతుల సంఘం ఏటా వేసే లెక్క ప్రకారం 2024లో పదిమందికి టర్కీతో సహా సంప్రదాయ థాంక్స్‌గివింగ్ విందు సరుకులకు 58.08 డాలర్లు అయింది. మీరు ఇండియన్ స్టోరు సరుకులు, మిఠాయిలు, పిల్లలకు టర్కీ అన్నీ కలిపి దానికి రెట్టింపు, అంటే 120 డాలర్లు పెట్టుకున్నా, యాత్ర మొత్తం ఖర్చులో అది ఇరవయ్యో వంతు చుట్టుపక్కలే ఉంటుంది. మిగిలిన పంతొమ్మిది వంతులూ చక్రాల మీద ఉన్నాయి, మనం చూడవలసింది అటు.

ఐదు రాత్రుల అద్దె యాత్రకు మీ ప్రాంతపు ధరలతో ఒక అంచనా వేద్దాము. రాత్రికి 200 డాలర్ల చొప్పున బండి అద్దె 1,000. బీమా రక్షణ, శుభ్రపరిచే రుసుము, సర్వీసు రుసుము కలిపి మరో 350. రానుపోను, అక్కడ తిరిగేదానితో కలిపి 800 మైళ్లకు మైలుకు 40 సెంట్ల చొప్పున 320. ఇవన్నీ బండి యజమానికి ఇచ్చే డబ్బు, మొత్తం 1,670 డాలర్లు, అంటే రాత్రికి 334. వెబ్‌సైటులో మీకు పెద్ద అక్షరాలతో కనిపించేది మాత్రం ఆ 200 ఒక్కటే. దీనికి తోడు గ్యాలనుకు తొమ్మిది మైళ్లిచ్చే బండికి దాదాపు 89 గ్యాలన్ల పెట్రోలు, మూడు డాలర్ల చొప్పున 267 అవుతుంది. కరెంటు, నీరు ఉన్న క్యాంప్‌సైటుకు ఐదు రాత్రులకు 150, ప్రొపేనుకు 30 వేసుకోండి. పార్కులో పెద్దవారికి తలకు రోజుకు 8 డాలర్ల ప్రవేశ రుసుము ఉంటుంది, నలుగురు పెద్దలకు రోజూ కట్టే బదులు బండిలోని వారందరికీ వర్తించే 70 డాలర్ల వార్షిక స్టేట్ పార్క్స్ పాస్ తీసుకోవడం నయం. భోజనంతో కలిపి మొత్తం సుమారు 2,300 డాలర్లు. ధరావతుగా కార్డుపై నిలిపివేసే మొత్తం వేరు, అది తిరిగి వస్తుంది కానీ ఆ వారం మీ చేతిలో ఉండదు.

బీమా దగ్గర మనవారు చాలామంది పొదుపు చేయబోయి నష్టపోతారు. చాలా క్రెడిట్ కార్డులు అద్దె కార్లకు ఇచ్చే ఉచిత రక్షణలో మోటార్‌హోమ్‌లు ఉండవు, మీ సొంత కారు పాలసీ కూడా అద్దె మోటార్‌హోమ్‌కు వర్తించకపోవచ్చు. పాలసీ కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఆ రక్షణ రుసుమును కొట్టేయకండి. బండిలో పడకలు ఆరుగురికి ఉన్నంత మాత్రాన సీటు బెల్టులు ఆరు ఉన్నాయని కూడా అనుకోవద్దు.

ఇక కొనడం. నెలకు 535 డాలర్లేనన్న మాటలోని ఆ 'లే' చాలా ఖరీదైనది. మీరు 14,000 ముందు కట్టి 56,000 రుణం తీసుకుంటే, 15 ఏళ్లలో చెల్లించేది 96,000 డాలర్లు దాటుతుంది, అందులో 40,000 పైచిలుకు వడ్డీయే. టెక్సస్‌లో 6.25 శాతం వాహన అమ్మకపు పన్ను మరో 4,375. ఏడాదికి వాయిదాలే 6,420 డాలర్లు. మీ ప్రాంతంలో చాలా హెచ్‌ఓఏలు (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘాలు) ఇంటి ముందు ఆర్‌వీ నిలపనివ్వవు కనుక నిలుపుదల స్థలానికి 1,500, బీమాకు 1,200, టైర్లు, బ్యాటరీలు, పైకప్పు అతుకులు, చలికాలపు జాగ్రత్తలకు మరో 1,200 వేసుకుంటే, బండి కదలకుండానే ఏడాదికి 10,320 డాలర్లు అవుతాయి. వాయిదాలో కొంత అసలు కూడా తీరుతుంది కదా అని మీరు అడగవచ్చు. మొదటి ఏడాది అలా తీరే అసలు సుమారు 2,000 మాత్రమే, బండి విలువ సాధారణంగా అంతకంటే వేగంగా పడిపోతుంది. అందువల్ల ఆ అసలును మీ ఆస్తిగా నేను లెక్కించడం లేదు.

ఈ 10,320ని అద్దె బండికి రాత్రికి అయ్యే 334తో భాగిస్తే 31 వస్తుంది. పెట్రోలు, క్యాంప్‌సైటు ఖర్చులు రెండు పక్షాలా ఒకటే కనుక వాటిని కలపలేదు. ఏడాదికి 31 రాత్రులు ఆర్‌వీలో పడుకుంటేనే కొన్నదానికీ, అద్దెకు తీసుకున్నదానికీ ఖర్చు సమానమవుతుంది. మీ సెలవులు ఏడాదికి 15 రోజులో 20 రోజులో ఉంటాయి, రెండేళ్లకోసారి ఇండియా ప్రయాణం వాటిని మింగేస్తుంది, పిల్లల బడి సెలవులు మీ సెలవులతో కలిసేవి కొన్నే. వారాంతాలన్నీ కలుపుకున్నా 31 రాత్రులు తేలడం కష్టం.

పన్ను మినహాయింపు గురించి డీలరు చెప్పినదాంట్లో అబద్ధం లేదు, సగం మాత్రం చెప్పలేదు. పడక, వంట సదుపాయం, మరుగుదొడ్డి ఉన్న మోటార్‌హోమ్‌ను రెండో ఇంటిగా చూపించి, ఆ బండినే హామీగా పెట్టి తీసుకున్న రుణంపై వడ్డీని మినహాయించుకోవచ్చు. అయితే మీరు స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండానే దొరికే స్థిర మినహాయింపు) వదులుకుని ఖర్చులను విడివిడిగా చూపితేనే అది సాధ్యం. 2025కు దంపతులకు స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. ఇంటి రుణం వడ్డీ, ఆస్తి పన్ను కలిపి మీరు ఇప్పటికే ఆ గీత దాటి ఉంటే, మొదటి ఏడాది కట్టే సుమారు 4,400 వడ్డీపై 24 శాతం శ్లాబులో మిగిలేది వెయ్యి డాలర్ల పైమాట. అప్పుడు 31 రాత్రులు 28కి దిగుతాయి. గీత దాటకపోతే 31లో పెద్ద మార్పు ఉండదు.

నన్ను అన్నిటికంటే ఆపుతున్నది మీ వీసా. హెచ్-1బీ ఉద్యోగం పోతే సాధారణంగా చేతిలో ఉండేది 60 రోజులు. ఇల్లు అమ్మడమో అద్దెకివ్వడమో ఆ గడువులో మొదలుపెట్టవచ్చు, కానీ రుణం బాకీ కంటే విలువ తగ్గిన మోటార్‌హోమ్‌ను చలికాలంలో అమ్మాలంటే తేడాను జేబులోంచి కట్టి వదిలించుకోవలసి వస్తుంది. ఆ 14,000 డాలర్లు అధిక వడ్డీ సేవింగ్స్ ఖాతాలో ఉంటే అవే మీకు ఆ 60 రోజుల ఊపిరి. గ్రీన్‌కార్డు చేతికి వచ్చాక, రెండు మూడు అద్దె యాత్రల అనుభవంతో ఈ ప్రశ్న మళ్లీ వేసుకోండి. ఇప్పుడు మాత్రం అద్దెకే తీసుకోండి.

భోజనంలో పొదుపు అక్కర్లేదన్నాను కానీ, దాని వెంట వచ్చే జరిమానాలను తప్పించుకోవాలి. గారెలు బండి లోపల వేయించకండి. నూనె పొగ, తాలింపు వాసన పరదాలకు, పరుపులకు పడితే యజమాని వసూలు చేసే అదనపు శుభ్రపరిచే రుసుము మీ విందు ఖర్చును మించిపోవచ్చు. బొబ్బట్లు, గారెలు, పులిహోర పులుసు ఇంట్లోనే చేసి పట్టుకెళ్లి, అక్కడ అన్నం, క్రాన్‌బెర్రీ పప్పు, తీపి గుమ్మడికాయ దప్పళం మాత్రం వండుకోండి. ఆ కాలానికి క్రాన్‌బెర్రీ, గుమ్మడి రెండూ దొరుకుతాయి. ఆర్‌వీ ఓవెన్‌లో పెద్ద టర్కీ పట్టదు కనుక పిల్లలకు ముందే వండిన టర్కీ బ్రెస్ట్ కొనడం మంచిది. సరుకులన్నీ బుధవారంలోపు బండిలో ఉండాలి. పండుగ రోజైన గురువారం వాల్‌మార్ట్, టార్గెట్, కాస్ట్‌కో మూసి ఉంటాయి, తెరిచి ఉన్న చిన్న దుకాణంలో మరచిపోయిన నెయ్యికి రెట్టింపు పెట్టవలసి వస్తుంది. 30 ఆంపియర్ల కనెక్షను 3,600 వాట్లే భరిస్తుంది కాబట్టి రైస్ కుక్కరు, ఇన్‌స్టంట్ పాట్, మైక్రోవేవ్, గది హీటరు ఒకేసారి వేయకండి. నవంబరు చివర అక్కడ రాత్రులు గడ్డకట్టే చలికి దిగుతాయి. నీటి గొట్టాన్ని రాత్రి విప్పి లోపల పెట్టకపోతే పగిలిన పైపుల మరమ్మతు ధరావతులోంచి పోతుంది.

పాలో డ్యూరోలో ఆ వారం క్యాంప్‌సైట్లు నెలల ముందే నిండిపోతాయి. కనుక ముందు సైటు ఖాయం చేసుకుని, ఆ తరువాతనే, రద్దు నిబంధనలు చదివి, బండికి డబ్బు కట్టండి.