మొదటి ఏడాది పాఠం ఎవరు చెబుతారో అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయికి రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చింది. ఒకటి కొత్తది. ఏఐ స్పెషలైజేషన్‌తో డిగ్రీ, సగం క్లాసులు ఆన్‌లైన్, స్మార్ట్ క్లాస్‌రూములు, స్విమ్మింగ్ పూల్‌తో సహా క్యాంపస్ అద్భుతంగా ఉంది. స్కాలర్‌షిప్ కూడా ఇస్తామంటున్నారు, కానీ ఈ వారంలోనే ఫీజు కట్టాలట. రోజూ ఫోన్లు చేస్తున్నారు. రెండోది పాతది, మామూలు కంప్యూటర్ సైన్స్. వెబ్‌సైట్ కూడా సరిగా ఉండదు. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. టెన్షన్‌తో నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, పోల్చి చెబుతాను. అయితే అడ్మిషన్ల సమయంలో నాకు వచ్చే మెయిల్స్‌లో యూనివర్సిటీల పేర్లు, కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ ఈ చివరి మాట మాత్రం మారదు. ఏది మంచిదన్నది పైకి అడిగే ప్రశ్న. "తప్పు చోట చేర్పిస్తే పిల్ల భవిష్యత్తు ఏమైపోతుందో, రేపు నన్నే అంటుందేమో" అన్నది లోపల తొలిచే భయం. ముందు దాని సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే యూనివర్సిటీల మార్కెటింగ్ సగం ఆ భయం మీదే నడుస్తోంది.

రోజూ ఫోన్ చేసే ఆ మనిషి హోదా పేరు కౌన్సెలర్ అని ఉంటుంది. కానీ చాలా చోట్ల ఆయన పని సీట్లు నింపడం. నెలకు ఇన్ని అడ్మిషన్లని టార్గెట్ ఉంటుంది, ఏజెంటయితే కమీషన్ ఉంటుంది. ఆయన్ను తప్పు పట్టనక్కర్లేదు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. కానీ ఆయన మాటను సలహాగా తీసుకోకండి. "ఈ వారంలోనే" అన్న గడువు మీరు ఇంకో చోట విచారించకుండా చేయడానికి పెట్టింది. స్కాలర్‌షిప్ సంగతీ అంతే. ఫీజును ముందే ఎక్కువగా చూపించి, అందరికీ కొంత తగ్గించి, దానికి స్కాలర్‌షిప్ అని పేరు పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. అది నాలుగేళ్ళూ ఉంటుందా, మార్కులు కాస్త తగ్గితే రెండో ఏడాది తీసేస్తారా అని కాగితం మీద అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటకు విలువ లేదు.

ర్యాంకుల గురించి మీరు రాయలేదు గానీ రేపో మాపో ఎవరో ఒకరు మీ ముందు పెడతారు, కాబట్టి ఒక్క సంగతి చెబుతాను. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ ఒక ప్రముఖ జాబితాలో 2వ స్థానంలో ఉండేది. తమ సంస్థ పంపిన లెక్కలు సరిగా లేవని అక్కడి గణిత ప్రొఫెసరే 2022 ఫిబ్రవరిలో బయటపెట్టారు. క్లాసులో ఎంతమంది ఉంటారు, ఫ్యాకల్టీ చదువులేమిటి అన్న వివరాల్లో పొరపాట్లున్నాయని తర్వాత యూనివర్సిటీ కూడా ఒప్పుకుంది. ఆ సెప్టెంబరులో వచ్చిన జాబితాలో ర్యాంకు 18కి పడింది. ఏడాదిలో అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళు మారిపోలేదు కదా. అలాగే 2003 నుంచి వస్తున్న షాంఘై ర్యాంకింగ్‌లో 30 శాతం మార్కులు అక్కడ చదివినవాళ్ళకు, పనిచేసేవాళ్ళకు వచ్చిన నోబెల్ బహుమతులు, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ మెడల్స్‌కే పోతాయి. మొదటి సెమిస్టర్ లెక్కల క్లాసులో మీ అమ్మాయి సందేహం ఎవరు తీరుస్తారో అందులో ఉండదు.

ఇక మీ అసలు భయం. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే పరిశోధకులు అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2002లో ప్రచురితమైంది. పెద్ద పేరున్న కాలేజీల్లో సీటు వచ్చి కూడా అంత పేరు లేని చోట చేరినవాళ్ళను, ఆ పెద్ద చోట్లే చేరినవాళ్ళతో పోల్చి చూశారు. తర్వాతి కాలంలో సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ కలిసొచ్చింది, ఆ మినహాయింపు ముఖ్యమైనదే. మిగతావాళ్ళ విషయంలో, ఆ సీటు తెచ్చుకోగలిగిన తెలివీ పట్టుదలా వాళ్ళతోనే వెళ్ళాయని అర్థం చేసుకోవచ్చు. మీ అమ్మాయి రెండు చోట్ల సీటు తెచ్చుకుంది. దేన్ని ఎంచుకున్నా ఆ పిల్ల మారిపోదు. పైగా కోర్సు మారవచ్చు, బ్రాంచి మారవచ్చు, పీజీకి ఇంకో చోటికి వెళ్ళవచ్చు. ఈ వారం తీసుకునే నిర్ణయంతో జీవితమంతా తేలిపోదు.

ఇప్పుడు ఏఐ డిగ్రీ. దీని మీద నాకు అనుమానాలు చాలానే ఉన్నాయి, దాచుకోను. ఏఐ మీద కాదు, డిగ్రీ పేరు మీద. చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబరులో. అప్పటి నుంచి ఎన్ని పనిముట్లు వచ్చాయో, ఎన్ని మూలన పడ్డాయో చూస్తూనే ఉన్నాం. డిగ్రీ పూర్తవడానికి పట్టే కాలంలో ఈ రంగం ఎన్ని మలుపులు తిరుగుతుందో చెప్పలేం. అలాంటప్పుడు ఈ రోజు వాడుతున్న టూల్స్ చుట్టూ కట్టిన సిలబస్, పిల్ల బయటికొచ్చేనాటికి పాతబడి ఉంటుంది. పాతబడనివి లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు. ఇవి మామూలు కంప్యూటర్ సైన్స్‌లోనే ఉంటాయి. ఇవి గట్టిగా వస్తే ఏఐ చివరి ఏడాదిలో నేర్చుకోవచ్చు, పీజీలో నేర్చుకోవచ్చు, ఉద్యోగంలో చేరాక కూడా నేర్చుకోవచ్చు. ఇవి రాకుండా ఏఐ నేర్చుకుంటే మిగిలేది బటన్లు నొక్కడమే.

ఒక చిన్న పరీక్ష పెట్టండి. రెండు చోట్ల నుంచీ పూర్తి సిలబస్ తెప్పించి, కోర్సు పేర్లు కనపడకుండా మూసేసి, అమ్మాయిని పక్కపక్కన పెట్టి చూడమనండి. చాలావరకు ఒకేలా ఉంటే కొత్త పేరుకు మీరు అదనంగా డబ్బు కట్టనక్కర్లేదు. తేడా ఉంటే ఎక్కడుందో చూడండి. లెక్కల పేపర్లు తీసేసి వాటి స్థానంలో ఏదో టూల్ పేరుతో వర్క్‌షాపులు పెట్టి ఉంటే పేరు గొప్ప, ఊరు దిబ్బ. లెక్కలు పెంచి, చివర్లో రెండు మూడు లోతైన పేపర్లు పెట్టి ఉంటే అది మంచి కోర్సే. అలాంటివీ ఉన్నాయి, లేవని నేను అనడం లేదు. ఆ లోతైన పేపర్లు ఎవరు చెబుతారన్నది తర్వాతి ప్రశ్న. ఈ విద్య బాగా తెలిసినవాళ్ళను కంపెనీలు పెద్ద జీతాలిచ్చి లాక్కుపోతున్నాయి. యూనివర్సిటీకి మనుషులు దొరక్కపోతే ఉన్న ఫ్యాకల్టీకే కొత్త సబ్జెక్టు అంటగట్టడం జరుగుతుంది. బ్రోచర్ మీద వరసగా ఉన్న కంపెనీ లోగోలు చూసి మోసపోకండి. ఒప్పందం మీద సంతకం పెట్టి ఫొటో దిగినా లోగో వేసుకోవచ్చు. ఆ కంపెనీ మనిషి సెమిస్టర్ మొత్తం పాఠం చెబుతాడా, ఒకరోజు వచ్చి ప్రసంగించి వెళ్తాడా అని అడగండి.

సగం క్లాసులు ఆన్‌లైన్ అన్నారు. ఇది నన్ను ఇంకా ఎక్కువ కంగారు పెట్టింది. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఏఐ పాఠం చెప్పే ఇద్దరు ఆ కోర్సును ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే 1,60,000 మంది దాకా చేరారు. ఇక క్యాంపస్‌లకు కాలం చెల్లిందని చాలామంది రాశారు. చేరినవాళ్ళలో చివరిదాకా ఉన్నది కొద్దిమందే. ఆ తర్వాత వచ్చిన ఇలాంటి ఉచిత కోర్సుల్లోనూ ఎక్కువగా అదే కథ. లాభపడింది అప్పటికే ఒక డిగ్రీ ఉండి, తమంతట తాము కూర్చుని చదువుకునే అలవాటున్నవాళ్ళు. ఇల్లు వదిలి మొదటిసారి బయటికొచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లలకు వీడియో వదిలేసి "చూసుకో" అంటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? అయితే ఇందులో ఒక మంచి పద్ధతి ఉంది. పాఠం వీడియోలో ముందే చూసి రావడం, క్లాసులో కూర్చుని లెక్కలు చేయడం, చర్చించడం. అలా చేస్తే క్లాసు సమయం తగ్గదు, దాన్ని వాడే తీరు మారుతుంది. మీరు చూసిన చోట క్లాసు గంటలే తగ్గిపోతుంటే, ఆ ఆన్‌లైన్ వల్ల బాగుపడేది యూనివర్సిటీ ఖర్చుల పద్దే.

ఈ కొత్త బోధన గురించి తల్లిదండ్రులతో నాకు ఎప్పుడూ పేచీయే. సైన్స్, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన 2014లో వచ్చింది. ఉపన్యాసం మాత్రమే విన్న క్లాసుల్లో ఫెయిలైనవాళ్ళు సుమారు 34 శాతం. విద్యార్థులతో క్లాసులోనే పని చేయించిన చోట 22 శాతం. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో ఇంకో తమాషా బయటపడింది. పని చేయించిన క్లాసులో పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. ఎందుకంటే అది కష్టంగా ఉంటుంది. కాబట్టి రేపు మీ అమ్మాయి ఫోన్ చేసి "సార్ ఏమీ చెప్పడం లేదు, అన్నీ మాతోనే చేయిస్తున్నారు" అంటే దయచేసి కాలేజీకి ఫిర్యాదు రాయకండి. అలా రాసే తల్లిదండ్రుల వల్లే కొందరు మంచి మాస్టార్లు మళ్ళీ పాత స్లైడ్ల దగ్గరికి పోతున్నారు.

పరీక్షలెలా పెడతారో కూడా కనుక్కోండి. చాట్‌బాట్లు వచ్చాక ఇంటి నుంచి రాసుకొచ్చే అసైన్‌మెంట్‌కు అర్థం మారిపోయింది. ఆలోచించే డిపార్ట్‌మెంట్లు నోటితో అడిగే వైవా వైపు, క్లాసులో చేత్తో రాసే పరీక్షల వైపు మళ్ళుతున్నాయి. "మా పద్ధతి ఏమీ మారలేదు" అన్నారంటే దాని గురించి ఇంకా ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదన్నమాట.

క్యాంపస్ విషయానికొస్తే, మీరు చూసిన వీడియోల్లో కనిపించే పిల్లల్లో కొందరికి అలా కనిపించడమే పని. స్టూడెంట్ అంబాసిడర్ అంటారు. పూల్ చూసి చదువు తేల్చడం గోడల రంగు చూసి ఇల్లు కొన్నట్టు. 2014లో గాలప్ అనే సర్వే సంస్థ, పర్‌డ్యూ యూనివర్సిటీ కలిసి అమెరికాలో 30 వేల మందికి పైగా పట్టభద్రులను అడిగి చూశాయి. చదువు మీద ఉత్సాహం పుట్టించిన ప్రొఫెసర్, తనను మనిషిగా పట్టించుకున్న ప్రొఫెసర్లు, వెన్ను తట్టిన గురువు ఉన్నారన్నవాళ్ళు తర్వాత ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేసే అవకాశం రెట్టింపుకు పైగా కనిపించింది. కాలేజీ పేరున్నదా, లేనిదా అన్నదానితో పెద్ద తేడా లేదు. ఆ మూడూ దొరికాయని చెప్పినవాళ్ళు 14 శాతమే! స్విమ్మింగ్ పూల్ దొరికినంత తేలిగ్గా ఇవి దొరకవు మరి.

ఇప్పుడు కాస్త కఠినంగా మాట్లాడతాను, ఏమనుకోకండి. మీ మెయిల్‌లో క్యాంపస్ ఉంది, స్కాలర్‌షిప్ ఉంది, వెబ్‌సైట్ ఉంది, మీ నిద్ర కూడా ఉంది. అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. లెక్కలంటే ఆసక్తా, భయమా? ఏఐ అన్నది తన కోరికా, మీరు ఎక్కడో విన్నదా? నాకు పోలిక చెప్పడానికి కావలసిన మొదటి వివరమే మీరు రాయలేదు. ఫోన్లన్నీ మీకే వస్తున్నాయంటే ఫారంలో మీ నంబరే ఇచ్చి ఉంటారు. ముందు అది మార్చండి. రేపు తనతో "నీ కోసమే అంత ఆలోచించాం" అని మీరంటే, "నన్ను అడగలేదు కదా" అని తనంటుంది. అప్పుడు ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చడం నావల్ల కాదు.

పోలిక అడిగారు కాబట్టి, మీరు రాసినంత వరకు చూస్తే నా మొగ్గు పాతదాని వైపే. వెబ్‌సైట్ బాగోలేదన్నది లోపమే గానీ పెద్ద లోపం కాదు. కాకపోతే పాతదైనంత మాత్రాన మంచిదని నేను అనను. పదేళ్ళుగా మారని నోట్సు చదివి వినిపించే చోట్లు కూడా చాలా ఉన్నాయి. అమ్మాయినే రెండు డిపార్ట్‌మెంట్లకూ రాయమనండి: మొదటి ఏడాది సబ్జెక్టులు ఎవరు చెబుతారు, సెక్షన్‌లో ఎంతమంది ఉంటారు, వాళ్ళు పర్మనెంట్ ఫ్యాకల్టీయా, ప్లేస్‌మెంట్లలో సగటు విద్యార్థికి వచ్చిన జీతమెంత, అసలు ఎంతమందికి ఉద్యోగం రాలేదు. హైయెస్ట్ ప్యాకేజీ మాత్రం అడగొద్దు, అది అడగకుండానే చెబుతారు. క్లాసులు జరిగే మామూలు రోజున వెళ్ళి, అడ్మిషన్ ఆఫీసు చూపించిన విద్యార్థితో కాకుండా క్యాంటీన్‌లో కనబడిన రెండో ఏడాది వాళ్ళతో తనను మాట్లాడనివ్వండి. గడువు కొంచెం పెంచమని మెయిల్ పెట్టండి. చాలాసార్లు పెంచుతారు. కొత్త యూనివర్సిటీ వీటన్నిటికీ రాతపూర్వకంగా సూటిగా జవాబిచ్చి, పాతది పట్టించుకోకపోతే నా మొగ్గు కూడా మారుతుంది.

జవాబులు, రెండు సిలబస్‌లు చేతికొచ్చాక మళ్ళీ రాయండి. ఈసారి అమ్మాయే రాస్తే ఇంకా మంచిది.